మర్యాదకి ఒక పేజీ: వచ్చినదాంట్లోనే ఇల్లు నడపడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ బీరువాలో, పట్టుచీరల కింద ఒక పుస్తకం ఉంటుంది. చదివింపుల పుస్తకం. ఇరవై ఏళ్ళ కిందటి పెళ్ళికి ఫలానా బావ 116 చదివించాడు, ఫలానా పిన్ని స్టీలు బిందె ఇచ్చింది అని వరసగా రాసి ఉంటుంది. వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, దానికి కాస్త కలిపి తిరిగి చదివిస్తాం. ఊళ్ళోవాళ్ళ లెక్క ఇంత శ్రద్ధగా రాసే మనల్ని, పోయిన నెల పాలకి ఎంతయిందని అడిగితే తెల్లమొహం వేస్తాం.

ఆ పుస్తకం బయటికి తీయండి. వెనకవైపు ఖాళీ పేజీలు ఉంటాయి. పని అక్కడే మొదలుపెడదాం.

నేను విజయనగరంలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర పాతికేళ్ళుగా గుమస్తాని. ఊరందరి లెక్కలూ పైసాతో సహా రాసి, సొంత ఇంటి లెక్క తప్పినవాణ్ణి. మా పెద్దమ్మాయి ఫంక్షన్‌కి చేతిలో 60,000 పెట్టుకుని దిగాను. తీరా చూస్తే ఖర్చు 1,86,000 తేలింది. చదివింపులు 46,000 వచ్చాయి. మిగతా 80,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకి 2,400 వడ్డీ. రెండున్నరేళ్ళలో 72,000 కట్టాను, అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. చివరికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఆ అప్పు వదిలించుకున్నాం. అప్పుడు మా అమ్మ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మంచం ఎంతుందో సూసుకోకుండా కాళ్ళు సాపేత్తావేటిరా?"

తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆ డబ్బు నా అవసరానికి పోలేదు. నా కోరికకీ పోలేదు, డ్రోన్ కెమెరా కావాలని నాకెప్పుడూ లేదు. మరి దేనికి పోయింది? దాని సంగతి మూడో మెట్టులో చెబుతాను. అసలు విషయం అదే.

మొదటి మెట్టు: నెల రోజులు రాయండి, ఏమీ తగ్గించకండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రాయడం మొదలుపెట్టిన రోజే టీ మానేస్తారు, సినిమా మానేస్తారు. పది రోజులకి విసుగొచ్చి పుస్తకాన్నే మానేస్తారు. మొదటి నెల మీ ఇల్లు ఎలా నడుస్తోందో అలాగే నడవనివ్వండి. రాత్రి భోజనాలయ్యాక అయిదు నిమిషాలు కూర్చుని ఆ రోజు పోయిన ప్రతి రూపాయీ రాయండి. ఫోన్‌పే, గూగుల్ పేలో కట్టినవి ఎలాగూ హిస్టరీలో ఉంటాయి, అందులో చూసి ఎక్కించండి. చేతి నోట్లతో ఇచ్చినవే మర్చిపోతాం.

భార్యాభర్తలు ఇద్దరూ రాయాలి. ఒకరు రాసి ఇంకొకరు సంజాయిషీ ఇచ్చుకునే ఏర్పాటైతే రెండో వారానికే గొడవ. మా ఇంట్లో అయింది.

రెండో మెట్టు: చేతికి నిజంగా ఎంత వస్తోంది

"మావాడికి పైడిభీమవరం కంపెనీలో ఇరవై వేలు" అని ఊళ్ళో చెప్పుకునేది వేరు, ఒకటో తారీకున ఖాతాలో పడేది వేరు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకి, 0.75 శాతం పోతుంది. (ఈఎస్ఐ ఉన్నవాళ్ళు ఆ కార్డు తీసుకుని ఇంట్లోవాళ్ళ పేర్లు ఎక్కించుకోండి. నెలనెలా డబ్బు కడుతూ, జ్వరమొస్తే ప్రైవేటు క్లినిక్‌కి పరిగెత్తేవాళ్ళని చాలామందిని చూశాను.) ఓటీ (ఓవర్‌టైము) డబ్బుని లెక్కలో కలపకండి. వస్తే వచ్చింది, అంతే.

జీతం లేనివాళ్ళ సంగతి కొంచెం వేరు. వరి రైతుకి డబ్బు కనపడేది సంక్రాంతి ముందూ వెనకా. జీడి, మామిడి ఉన్నవాళ్ళకి వేసవిలో. మత్స్యకారులకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇలాంటి ఇళ్ళలో పోయిన ఏడాది మొత్తం రాబడిని పన్నెండుతో భాగించి, దాన్నే మీ నెల జీతం అనుకోండి. డబ్బు ఎక్కువ వచ్చిన నెలలో మిగిలినదంతా వేరే ఖాతాలో వేసి, అక్కణ్ణుంచి నెలకింత అని మీకు మీరే జీతం ఇచ్చుకోవాలి. ధాన్యం డబ్బు పడిన వారంలోనే బైకు షోరూం ముందు నిలబడే రైతుల్ని ప్రతి జనవరిలోనూ చూస్తుంటాను. వాళ్ళే జూలైలో ఎరువుల కోసం మా షావుకారు దగ్గరికి వస్తారు.

మూడో మెట్టు: రెండు పేజీలు కాదు, మూడు

అవసరం ఒక పక్క, కోరిక ఒక పక్క రాసుకోమని అందరూ చెబుతారు. బియ్యం అవసరం, బిర్యానీ కోరిక. బాగానే ఉంది. మరి పెదనాన్న మనవరాలి పెళ్ళికి చదివించే 2,000 ఏ పక్క రాయాలి? ఊళ్ళో అమ్మవారి పండగకి వచ్చే పాతికమంది చుట్టాల భోజనాలు? ఆడపడుచుకి పంపే సారె? అవి లేకపోతే ప్రాణం పోదు కాబట్టి అవసరం కాదు. మనం సరదాపడి చేసేవీ కావు. కానీ మానేస్తే నలుగురిలో తలెత్తుకోలేం.

అందుకే మూడో పేజీ తెరిచి పైన "మర్యాద" అని రాయండి. నెల రోజులు రాసిన లెక్కని ఈ మూడు పేజీల్లోకి పంచండి.

మొదటిసారి నేను ఇలా పంచినప్పుడు మా కోరికల పేజీలో పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి చేపలు, ఒక సినిమా, మా ఆవిడ పూలు. మర్యాద పేజీ మాత్రం అడుగుదాకా నిండిపోయింది. మన వైపు చాలా ఇళ్ళు మునిగేది కోరికల వల్ల కాదు, ఆ పేజీ వల్లే. దానికి పేరు పెట్టకుండా అవసరాల్లో కలిపేస్తాం కాబట్టి ఎవరికీ కనపడదు.

మర్యాద అనవసరమని నేననడం లేదు. ఆస్పత్రిలో పడితే రాత్రి మంచం పక్కన కూర్చునేది ఆ చుట్టాలే. కాకపోతే దానికి కొలత ఉండాలి. ఏడాదికి మర్యాదకి ఇంత అని ముందే రాసుకోండి. మా ఇంట్లో అది ప్రతి నెలా రాబడిలో పదో వంతు. మీకు ఎంత కుదిరితే అంత. శుభలేఖ రాగానే ఆ పేజీ తీసి, ఎంత మిగిలి ఉందో చూసి, అందులోంచే చదివించండి. పెళ్ళిళ్ళు లేని శూన్యమాసాల్లో కాస్త మిగులుతుందని మొదట్లో ఆశపడ్డాను. తీరా చూస్తే ఆషాఢంలో బడి ఫీజులు, పుష్యంలో సంక్రాంతి. మిగిలింది ఒక్క భాద్రపదం, అందులో వినాయకచవితి చందాలు.

నాలుగో మెట్టు: వస్తువు మధ్యలో గీత గీయండి

ఏ వస్తువూ పూర్తిగా అవసరం కాదు, పూర్తిగా కోరికా కాదు. ఫోను అవసరమే. జీతం మెసేజీ దాంట్లోనే వస్తుంది, పిల్లల బడి నుంచి కబురూ దాంట్లోనే. కానీ 9,000 ఫోనుతో ఆ పనులన్నీ అయిపోతాయి. 24,000 ఫోను కొంటే 9,000 అవసరం పేజీలో, 15,000 కోరిక పేజీలో రాయండి. ఇంకొంచెం నిజాయితీ ఉంటే, "తోటివాళ్ళందరి దగ్గరా అదే ఉంది" కాబట్టి ఆ 15,000లో సగం మర్యాద పేజీకి వెళ్తుంది.

బైకు కూడా అంతే. రణస్థలం నుంచి రాత్రి షిఫ్టుకి వెళ్ళాలంటే బండి కావాలి. 125 సీసీ కావాలా, 200 సీసీ కావాలా అన్న దగ్గర గీత గీయాలి. అరిసెలు ఇంట్లో వండుకుంటే పండగ జరుగుతుంది. మూడు రకాల స్వీట్లు ఆర్డరిస్తే వీధివాళ్ళకి తెలుస్తుంది.

ఒక ఇంటి లెక్క చూపిస్తాను. నాకు తెలిసిన కుర్రాడే. కంపెనీ నుంచి చేతికి 18,400. భార్య కుట్టుపని మీద సగటున 3,000. మొత్తం 21,400. అద్దె 3,500, కరెంటూ గ్యాసూ 1,500, కిరాణా పాలు కూరలు చేపలు 7,000, పెట్రోలు 1,800, బడి 1,500, రీఛార్జిలు 600, ఊళ్ళో అమ్మానాన్నలకి 2,000. అంతా కలిపి 17,900. నెలకి 3,500 మిగలాలి. కానీ బైకు ఈఎంఐ 2,900, ఫోను ఈఎంఐ 1,650. అంటే 1,050 తక్కువ. ఒక్క పెళ్ళికీ వెళ్ళకుండా, ఒక్క జ్వరం రాకుండా కూడా నెలనెలా అప్పే. "ఎక్కడ తేడా వస్తోందో తెలీడం లేదు మావా" అంటాడు. ఆ ఫోను 9,000ది కొని ఉంటే వాయిదా 600 చిల్లరలో తేలేది, లోటు దాదాపు ఉండేదే కాదు.

కోతలు పెట్టేటప్పుడు తిండి జోలికి ముందుగా వెళ్ళకండి. పప్పు, గుడ్లు, పాలు తగ్గిస్తే ఆ డబ్బు మందుల షాపుకి చేరుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపువాళ్ళు మంచినీళ్ళు, కిడ్నీ పరీక్షల దగ్గర అసలు లెక్క చూసుకోకండి. కోరికల పేజీని కూడా సున్నా చేయకండి. మనిషికి నెలకి మూడొందలో అయిదొందలో, ఎందుకు ఖర్చుపెట్టావని ఎవరూ అడగని డబ్బు ఉండాలి.

అయిదో మెట్టు: ఏడాది ఖర్చుని పన్నెండు ముక్కలు చేయండి

సంక్రాంతి ప్రతి జనవరిలోనూ వస్తుంది. బళ్ళు ప్రతి జూన్‌లోనూ తెరుస్తారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను దసరా తర్వాత మంగళవారం తిరుగుతుంది, ఇంటినిండా చుట్టాలు దిగుతారు. ఇవేవీ హఠాత్తుగా వచ్చేవి కావు, అయినా ప్రతిసారీ కంగారుపడతాం. పండగ బట్టలు, రానుపోను ఛార్జీలు 12,000. జూన్‌లో పుస్తకాలు, యూనిఫారాలు, ఫీజు మొదటి కంతు 18,000. బండి ఇన్సూరెన్సు, చిన్నాచితకా 6,000 అనుకుంటే మొత్తం 36,000. అంటే నెలకి 3,000 పక్కన పడాలి.

ఎక్కడ దాచాలి? పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకి 100 నుంచే మొదలుపెట్టొచ్చు. కాకపోతే అది అయిదేళ్ళ పథకం, మూడేళ్ళ లోపు మూయనివ్వరు. కాబట్టి ఏడాదిలోపు ఖర్చుకి అది పనికిరాదు, దూరపు పనికి పెట్టుకోండి. పండగ డబ్బుకి రెండో బ్యాంకు ఖాతా చాలు. జన్‌ధన్ ఖాతా ఉంటే ఇంకా మంచిది, కనీస బ్యాలెన్సు గొడవ ఉండదు. ఆ ఖాతాని ఫోన్‌లో ఏ యాప్‌కీ కలపకండి. జీతం పడే ఖాతాని కూడా కలపకపోతే మేలు. నేను సంత రోజున వారానికి సరిపడా డబ్బు మాత్రం యూపీఐ ఖాతాలోకి మారుస్తాను. బుధవారానికే అయిపోతే మిగతా వారం అంబలీ, పచ్చడీ.

చీటీ వేస్తామంటారా? వేయండి, కానీ రిజిస్టర్ అయిన చోట. చిట్ ఫండ్ చట్టం 1982 నుంచీ ఉంది, నడిపేవాడి కమీషన్ 7 శాతం దాటకూడదు. వీధి చీటీలో రసీదు ఉండదు, అడిగే దిక్కూ ఉండదు.

ఆరో మెట్టు: అప్పులన్నిటి వడ్డీనీ ఒకే భాషలోకి మార్చండి

వడ్డీవ్యాపారి "మూడు రూపాయలు" అంటాడు, ఫైనాన్సు కుర్రాడు "పది శాతం" అంటాడు. వింటే మూడే తక్కువలా ఉంటుంది. మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి మూడు, ఏడాదికి 36 శాతం. క్రెడిట్ కార్డు మీద బాకీ మోస్తే అదీ ఆ దరిదాపుల్లోనే, ఇంకా పైనే.

ఫైనాన్సు కుర్రాడి "పది శాతం ఫ్లాట్" సంగతి చూడండి. లక్ష అప్పు, రెండేళ్ళు. ఏడాదికి పదివేల చొప్పున వడ్డీ 20,000 కలిపి 1,20,000ని 24 నెలలకి పంచి, నెలకి 5,000 కట్టమంటాడు. కానీ మీరు ప్రతి నెలా అసలు కూడా తీరుస్తున్నారు కదా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న లక్ష మీదే చివరిదాకా వేశాడు. నిజమైన లెక్క కడితే అది ఏడాదికి 18 శాతం దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ఇలాంటి అప్పులకి "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఏపీఆర్ అన్న గడి చూడండి. ఫీజులతో కలిపి అసలు రేటు అక్కడ ఉంటుంది. కాగితం చూపించకుండా సంతకం పెట్టమంటే లేచి వచ్చేయండి.

"నో కాస్ట్ ఈఎంఐ" కూడా ఊరికే రాదు. మొత్తం ఒకేసారి ఇస్తే దక్కే తగ్గింపు అక్కడ దక్కదు, ప్రాసెసింగ్ ఫీజు విడిగా పడుతుంది. ఎప్పుడైనా షాపులో "నగదు ఇస్తే ఎంతకిస్తారు?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి.

ఇప్పుడు అప్పులన్నీ ఏడాది వడ్డీ ప్రకారం పెద్దది పైన, చిన్నది కింద రాయండి. అన్నిటికీ కనీస వాయిదా కట్టి, మిగిలిన ప్రతి రూపాయీ పైదానికే కట్టండి. బంగారం ఉంటే సందేహించకుండా బ్యాంకులో పెట్టి 36 శాతం అప్పు తీర్చేయండి. బ్యాంకులో బంగారం మీద వడ్డీ రూపాయి లోపే దొరుకుతుంది. బీరువాలో గాజులు పెట్టుకుని బయట మూడు రూపాయలు కట్టడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటిది. గడువు మాత్రం గుర్తుంచుకోండి, దాటితే వేలం నోటీసు వస్తుంది. డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్ళకి బ్యాంకు లింకేజీ అప్పు ఇంకో దారి. ఒక్క జాగ్రత్త: "నీ పేరు మీద తీసి నాకియ్యి వదినా, నేను కట్టుకుంటాను" అనేవాళ్ళకి తీసివ్వకండి.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. అప్పున్నంత మాత్రాన ఆ టెన్షన్ అర్ధరాత్రి కూడా పడాల్సిన పని లేదు.

ఏడో మెట్టు: కాదని చెప్పడం

ఇదే కష్టం. పుస్తకంలో గీతలు ఎన్నైనా గీస్తాం, ఎదురుగా బావ కూర్చుని "అన్నీ నువ్వే చూసుకోవాలి" అంటే నోరు పెగలదు. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. వట్టి "లేదు" అనకండి, డబ్బు బదులు ఇంకేదైనా ఇవ్వండి. "బావా, ఈ యేడు డబ్బు సర్దలేను గానీ, రెండ్రోజులు ముందొచ్చి వంటల కాడ నిలబడతాను." ఈ మాట నేను మూడుసార్లు అన్నాను. ఒకసారి ముఖం మాడ్చుకున్నారు, రెండుసార్లు నిజంగానే సంతోషించారు. పెళ్ళిలో డబ్బిచ్చేవాళ్ళకంటే పనిచేసేవాళ్ళే కరువు.

మీ ఇంట్లో శుభకార్యమైతే ముందు చేతిలో ఉన్న మొత్తం రాసి, ఆ తర్వాత జనాన్ని లెక్కపెట్టండి. నేను జనాన్ని పిలిచి తర్వాత డబ్బు వెతుక్కున్నాను. చదివింపుల్ని నమ్ముకుని ఎప్పుడూ దిగకండి. అది రాబడి కాదు, తిరిగి చదివించాల్సిన బాకీ.

కోరికల దగ్గర కాదనాల్సింది మనకి మనమే కాబట్టి కొంచెం తేలిక. కావాలనుకున్న వస్తువు పేరు, ధర, తారీకు క్యాలెండరు మీద రాసి వచ్చే జీతం దాకా ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి. మా క్యాలెండరు మీద రాసినవాటిలో సగం నెల తిరిగేసరికి మేమే కొట్టేస్తాం.

ఎనిమిదో మెట్టు: తుఫాను డబ్బు

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన ఆ తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. కరెంటు లేక ఏటీఎంలు పనిచేయకపోతే ఖాతాలో లక్ష ఉన్నా పాలప్యాకెట్ రాదు. కాబట్టి ఇంట్లో రెండు మూడు వేలు చిన్న నోట్లుగా, తడవని కవర్లో ఉంచండి. దాంతోపాటు మూడు నెలల అవసరాల పేజీకి సరిపడా డబ్బు నెమ్మదిగా కూడబెట్టండి. రెండేళ్ళు పట్టినా పర్వాలేదు.

బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళకి ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436 రూపాయలతో జీవిత బీమా ఉన్నాయి. ఒక్కొక్కటీ 2 లక్షలకి. రెండోది 50 ఏళ్ళు దాటకముందే చేరాలి. మే నెలాఖరుకి డబ్బు ఖాతాలోంచి కట్ అవుతుంది కాబట్టి అప్పటికి బ్యాలెన్సు ఉండేలా చూసుకోండి. ఇది నిస్సందేహంగా అవసరం పేజీలోదే.

ఇన్ని చేసినా కొన్ని ఇళ్ళలో ఏమీ మిగలదు. 12,000 జీతంతో నలుగురు బతికే ఇంట్లో తగ్గించడానికి ఏముంది? వాళ్ళని పొదుపు చేయలేదని అనడం అన్యాయం. అక్కడ చూసుకోవాల్సింది రేషన్, ఆస్పత్రికి ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, ఇంకో చేతి సంపాదన. పుస్తకం మాత్రం రాయండి, ఎంత తక్కువవుతోందో అంకె చేతిలో ఉంటే ఓటీ అడగడానికో, కొత్త పని వెతుక్కోవడానికో ఒక లక్ష్యం ఉంటుంది.

ఏడాదికోసారి

మా ఇంట్లో లెక్క మూసేది ముక్కనుమ మధ్యాహ్నం. చుట్టాలు వెళ్ళిపోయి ఉంటారు, మిగిలిన అరిసెలు డబ్బాలో ఉంటాయి. ఇద్దరం కూర్చుని మూడు పేజీలూ కూడి, కొత్త ఏడాదికి మూడు అంకెలు రాసుకుంటాం. పోయినసారి మర్యాద పేజీలో 2,300 మిగిలింది. పోస్టాఫీసులో వేద్దామన్నాను. మా ఆవిడ పెన్ను నా చేతిలోంచి తీసుకుని దాన్ని కోరికల పేజీలోకి మార్చేసింది. నేనేమీ అనలేదు.